చెలక తోటలలో వాననీటిని నిలుపు విధము

దేవరయాంజాల్, శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతముల పండ్లతోటల రైతులకు తెలియజేయునది యేమనగా:

ఈ భాగమున సాలుకు సుమారు 30 అంగుళముల వర్షము కురియును. అందు ముప్పాతిక వంతు జూన్ మొదలు సెప్టెంబరు వఱకే పడును. తక్కిన యెనిమిది నెలలు చెట్టు భూమిలో దాగిన తడిమీదనే బ్రతుకవలెను. ఎకరమున ఒక అంగుళము వాన పడిన లక్ష లీటర్ల నీరగును. 33 అడుగుల యెడముగ నాటిన మామిడితోటలో ఎకరమునకు 40 చెట్లుండును గనుక చెట్టు వంతుకు 2,500 లీటర్లు వచ్చును. ఇంత నీటిని వాగుపాలు చేసి, వేసవిలో బోరు వేయించుటకు అప్పు చేయువారు పెక్కుమంది గలరు. ఇచ్చట అడుగున నున్నది గ్రానైటు రాయి. లోతున నీరు దాని పగుళ్లలోనే యుండును. పగులు తగులుట అదృష్టము.

ఎఱ్ఱచెలక పెద్దవాన తగిలి ఆరగనే పెచ్చు గట్టును; మరుసటి వాన యింకక జారిపోవును. కావున తొలకరికి ముందే వాలునకు అడ్డముగ దున్నవలెను. నిలువుగ దున్నిన ప్రతి చాలును ఒక కాలువ యగును. పిమ్మట ప్రతి చెట్టునకు పల్లపువైపున, కొమ్మలనీడ అంచు వెంబడి, అర్ధచంద్రాకారముగ అడుగు ఎత్తు గట్టు వేయవలెను. దాని కొసలు మిట్టవైపునకు తిరిగియుండవలెను. ఒక ప్రక్కన మిగులు నీటికి రాళ్లతో చిన్న మత్తడి విడువవలెను. లేనిచో గట్టు తెగి పొరుగువాని చేను కోయును. సర్వే నంబరు హద్దు కాగితమున నుండును గాని నీటికి దెలియదు. అట్టి తగాదాల అర్జీలను అనువదించి యనువదించి యీ వ్రాతగానికి విసుగు పుట్టినది.

కాండము మొదట మాత్రము నీరు నిలువరాదు, బెరడు కుళ్లును. అచ్చట మట్టి యెగద్రోయవలెను. నీరు పీల్చు సన్ననివేళ్లు హెచ్చుగ నీడ అంచువైపుననే యుండును.

చెలకకు చెరువుమట్టి మిక్కిలి మేలు. మిషన్ కాకతీయ పేర 2015లో పూడికతీత ఆరంభమైనపుడు రైతులు ఆ మట్టిని తమ పొలములకు తోలుకొనిరి. దీనిని కుప్పగ విడువక, పలుచగ జల్లి దున్నినగాని తడి నిలుపు గుణము రాదు.

వానలు వెనుదీయగనే పైమట్టిని తేలికగ గుల్లచేసి, ఎండుటాకులను గడ్డిని నాలుగంగుళముల మందమున పఱువవలెను. చెదల భయముచే కాండమునకు జానెడు దూరము విడువవలెను. కాపుకు వచ్చిన మామిడికి పూతకు ముందు నీరు పెట్టరాదు. ఆ బెట్ట లేనిచో పూతకు బదులు ఆకుచిగురు వచ్చును. పిందె బఠాణీగింజంత యైన పిదప దాచిన తడి యక్కఱకు వచ్చును.

నాటిన మొదటి రెండు వేసవులలో లేతమొక్కలకు ఈ యేర్పాటు చాలదు. వానికి కుండలతో నీరు పోయక తప్పదు.