ప్రాక్సీకి ఇచ్చే పాస్‌వర్డ్ ఏ దారిన పోతోంది?

ఆఫీసులోనో కాలేజీలోనో బ్రౌజర్ తెరవగానే, సైటు రాకుండా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతూ చిన్న విండో వస్తుంది. చాలాసార్లు అలా అడిగేది మనం చూడబోయిన సైటు కాదు, మధ్యలో ఉన్న ప్రాక్సీ సర్వర్. ముందు మీరెవరో చెప్పమంటూ అది 407 అనే సంఖ్యతో జవాబిస్తుంది. గుర్తింపు ఏయే పద్ధతుల్లో చూపొచ్చో కూడా ఆ జవాబులోనే ఉంటుంది. ఆ పద్ధతిని ఎంచుకునేది నెట్‌వర్క్ అడ్మిన్. ఆ ఎంపిక సరిగా లేకపోతే పోయేది మన పాస్‌వర్డ్.

ఎక్కువ చోట్ల కనిపించేది బేసిక్ పద్ధతి. ఇంగ్లిష్‌లో నాలుగక్షరాల 'రవి' అనే పేరు, ఒక కోలన్, 1234 అనే పాస్‌వర్డ్ కలిపితే 9 అక్షరాలు. ఈ పద్ధతి వాడే బేస్64 అనే మార్పిడి ప్రతి మూడింటినీ నాలుగుగా మార్చి 12 అక్షరాల వరుస తయారుచేస్తుంది. చూడ్డానికి అది రహస్య లిపిలా ఉంటుంది గానీ అందులో రహస్యమేమీ లేదు. ఏ తాళంచెవీ అక్కర్లేకుండా ఎవరైనా క్షణంలో వెనక్కి తిప్పి చదవొచ్చు. పైగా బ్రౌజర్ దాన్ని ఒక్కసారి పంపి ఊరుకోదు, ప్రాక్సీకి పెట్టే ప్రతి కోరికతోనూ పంపుతుంది.

'నేను చూసేది హెచ్‌టీటీపీఎస్ సైటే కదా, భయమేముంది' అనుకునేవారు చాలామంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. అలాంటి సైటుకు వెళ్లాలంటే బ్రౌజర్ ముందుగా 'ఫలానా సైటుకు కలుపు' అని ప్రాక్సీకి కనెక్ట్ అనే కోరిక పంపాలి. పాస్‌వర్డ్ వెళ్లేది ఆ కోరికతోనే. సైటుతో ఎన్‌క్రిప్షన్ మొదలయ్యేది ఆ తర్వాత. అంటే సైటులో మీరు చదివేది భద్రంగానే ఉంటుంది, ప్రాక్సీకిచ్చిన పాస్‌వర్డ్ మాత్రం అదే వైఫైలో నిఘా పెట్టినవాడికి దొరకొచ్చు. స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ మామూలుగా వినే 3128 పోర్టులో టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ ఉండదు. బ్రౌజర్‌కీ ప్రాక్సీకీ మధ్య దారిని విడిగా టీఎల్ఎస్‌లో పెట్టాలి. దానికి ప్రాక్సీకి సర్టిఫికెట్ కావాలి, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లకు ప్రాక్సీ వివరాలుండే పాక్ ఫైలు ద్వారా ఆ సంగతి చెప్పాలి. ఒకపూట పని. దాన్ని వదిలేయడం నా దృష్టిలో క్షమించరాని అలసత్వం.

డైజెస్ట్ పద్ధతిలో పాస్‌వర్డ్ నేరుగా వెళ్లదు, దాన్నుంచి లెక్కించిన హాష్ వెళ్తుంది. 2015లో దీనికి ఎస్‌హెచ్‌ఏ-256 అనే గట్టి హాష్ విధానం చేర్చారు గానీ పాత ఎండీ5 ఇంకా పోలేదు. విండోస్ నెట్‌వర్కుల్లో వాడే ఎన్‌టీఎల్‌ఎం అనే మరో పద్ధతిని మైక్రోసాఫ్టే 2024లో కాలంచెల్లిన జాబితాలో చేర్చింది. కొత్తగా ప్రాక్సీ పెట్టేవారు దాని జోలికి పోవద్దు.

విండోస్ డొమైన్ ఉన్న ఆఫీసుకు సరైనది కెర్బరోస్ పద్ధతి. 1980లలో ఎంఐటీ అథీనా ప్రాజెక్టులో పుట్టిందిది. ఉద్యోగి ఉదయం లాగిన్ అయినప్పుడే డొమైన్ కంట్రోలర్ అతని గుర్తింపు నిర్ధారిస్తుంది. ఆ తర్వాత ప్రాక్సీకి చూపేది గడువున్న టికెట్టే. పాస్‌వర్డ్ ప్రాక్సీదాకా రానేరాదు. అయితే దీని పట్టింపులు దీనికున్నాయి. ఉద్యోగి కంప్యూటర్, సర్వర్ల గడియారాల మధ్య తేడా మామూలుగా 5 నిమిషాలు దాటితే టికెట్టు చెల్లదు. బ్రౌజర్‌లో ప్రాక్సీని ఐపీ నంబరుతో కాక పేరుతో ఇవ్వాలి. 'నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ పనిచేయట్లేదు' అని ఫిర్యాదు వస్తే ముందు గడియారం చూడాలి.

ఐపీ అడ్రసును బట్టి అనుమతించడం మనుషులకు పనికిరాదు. ఒకే రూటర్ వెనక యాభైమంది ఉంటే ప్రాక్సీకి అందరూ ఒక్కరే. రాత్రిపూట వాటంతటవే అప్‌డేట్లు తెచ్చుకునే సర్వర్లకైతే అది చాలు.

సొంత ఫోన్లు, లాప్‌టాప్‌లు తెచ్చుకునే కాలేజీలో కెర్బరోస్ కుదరదు. అక్కడ టీఎల్ఎస్ లోపల బేసిక్ పెడితే సరిపోతుంది. మీ దగ్గర ఏది ఉందో అడ్మిన్‌ని అడగండి. టీఎల్ఎస్ లేదని చెబితే, ప్రాక్సీకిచ్చే పాస్‌వర్డ్‌ను మెయిల్‌కు గానీ బ్యాంకుకు గానీ వాడకండి.