పైలట్లు కావాలట, పైలట్లు ఖాళీగా ఉన్నారట!

పోయిన నెలలో ఒకరోజు, రెండేళ్ల క్రితం నా దగ్గర తెలుగు చదువుకున్న అబ్బాయి స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు పదకొండో తరగతి. వాళ్ల నాన్నగారు సీఆర్‌పీఎఫ్‌లో పనిచేస్తారు, సొంతూరు ప్రకాశం జిల్లా.

"మేడం, మన దేశానికి 30,000 మంది పైలట్లు కావాలని విమానయాన శాఖ మంత్రి రామ్మోహన్ నాయుడు గారు చెప్పారు. మరి మా పిన్ని వాళ్ల పక్కింటి అన్నయ్యకు లైసెన్సు వచ్చి రెండేళ్లయింది, ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. ఏది నిజం మేడం? నాన్న ఊళ్లో పొలం అమ్మేద్దామంటున్నారు. ఇక్కడ కాకపోతే దుబాయ్‌లో వస్తుందిలే అంటున్నారు."

సంధి గురించో సమాసం గురించో అడిగితే అక్కడికక్కడే చెప్పేసేదాన్ని. పొలం మాట వచ్చేసరికి, వారం రోజులు ఆగి రమ్మన్నాను. ఆ వారంలో చదివిందీ, తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. మీలో ఇంకా కొందరి ఇళ్లలో ఈ చర్చ నడుస్తోందని నాకు తెలుసు.

ముందే చెప్పేస్తాను: మంత్రిగారి మాటా నిజమే, పక్కింటి అన్నయ్య ఇంట్లో కూర్చోవడమూ నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చూద్దాం.

పలక మీద ఒక లెక్క వేయండి. మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఎ320 లాంటి విమానం రోజుకు దాదాపు 12 గంటలు గాల్లో ఉంటుందనుకుందాం. ఏడాదికి 4,380 గంటలు. ఒక పైలట్ ఏడాదిలో 1,000 గంటలకు మించి ఎగరకూడదని మన పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, నియమం. విమానంలో ఇద్దరు ఉండాలి, ఒక కెప్టెన్, ఒక ఫస్ట్ ఆఫీసర్. అంటే ఒక్క విమానానికి కనీసం ఐదు జతలు. సెలవులు, జ్వరాలు, శిక్షణ రోజులు కలుపుకుంటే ఇంకా ఎక్కువ. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలకు, జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాయి. ఈ లెక్కన గుణించి చూస్తే మంత్రిగారు చెప్పిన సంఖ్య పెద్దదేమీ కాదనిపిస్తుంది.

కానీ ఆయన చెప్పింది రాబోయే 15, 20 ఏళ్ల మాట. విమానానికి ఆర్డర్ ఇచ్చిన రోజుకూ, అది మన రన్‌వే మీద దిగే రోజుకూ మధ్య ఏళ్లు గడుస్తాయి. వచ్చిన విమానమైనా ఎగురుతూనే ఉంటుందన్న భరోసా లేదు. 2023లో ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ ఇంజన్లలో లోహపు భాగాల్లో లోపం బయటపడి, ఇండిగో విమానాలు పదుల సంఖ్యలో నేల మీద నిలిచిపోయాయి. అదే ఏడాది మే నెలలో గో ఫస్ట్ సంస్థ మొత్తంగా ఆగిపోయింది, ఆ ఇంజన్ల వల్లే తాము మునిగామని చెప్పింది. ఒక్క విమానం ఆగితే కనీసం పది మంది పైలట్ల పని ఆగినట్టే. గో ఫస్ట్ ఆగినప్పుడు అనుభవం ఉన్నవాళ్లు వేరే సంస్థల గుమ్మాల ముందు వరస కట్టారు. వాళ్ల వెనక, 200 గంటలు మాత్రమే ఎగిరిన కొత్త పిల్లలు నిలబడాల్సి వచ్చింది.

ఇది కొత్తగా వచ్చిన కష్టం కాదు. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ ఆగింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ చివరి విమానం ఎగిరింది. 2020 మార్చి 25న కరోనా వల్ల దేశంలో విమానాలన్నీ ఆగి, రెండు నెలల తర్వాత మే 25న కొద్దికొద్దిగా మొదలయ్యాయి. డీజీసీఏ 2020లో ఇచ్చిన కమర్షియల్ పైలట్ లైసెన్సులు 578. 2023లో ఇచ్చినవి 1,622. మూడేళ్లలో దాదాపు మూడు రెట్లు! ఆర్డర్ల వార్తలు చూసి చేరినవాళ్లందరూ ఇంచుమించు ఒకేసారి లైసెన్సు పట్టుకుని బయటికొచ్చారు, విమానాలు మాత్రం ఇంకా రాలేదు. ఉల్లి ధర పెరిగిందని ఊరంతా ఉల్లి వేస్తే పంట చేతికొచ్చేసరికి ఏమవుతుందో కర్నూలు పిల్లలకు నేను చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు ఇంకొకటుంది. నాకు అర్థం కావడానికి ఎక్కువ సమయం పట్టింది ఇదే. వార్తల్లో "పైలట్ల కొరత" అని రాసినప్పుడు ఎక్కువసార్లు వాళ్లు చెప్పేది కెప్టెన్ల కొరత. లైసెన్సు వచ్చినవాడు కెప్టెన్ కాడు. 200 గంటలు చిన్న విమానం నడిపి లైసెన్సు తెచ్చుకున్నాక, ఎ320 గానీ బోయింగ్ 737 గానీ నడపడానికి 'టైప్ రేటింగ్' అనే వేరే శిక్షణ కావాలి. అది సిమ్యులేటర్‌లో జరుగుతుంది, దానికి లక్షల్లో ఖర్చు. తర్వాత ఫస్ట్ ఆఫీసర్‌గా చేరి, 1,500 గంటలు పూర్తయ్యాక పై లైసెన్సుకు అర్హత. కెప్టెన్ కుర్చీకి మరికొన్నేళ్లు, మరికొన్ని పరీక్షలు.

కెప్టెన్లు తక్కువైతే కింది ఉద్యోగాలు ఖాళీ అవుతాయనుకుంటాం. జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. కొత్తవాడికి మొదటి నెలల్లో పక్కన కూర్చుని నేర్పడానికి శిక్షకుడైన కెప్టెన్ కావాలి. టీచరు బదిలీ అయి వెళ్లిపోయి, కొత్త టీచరు రాకపోతే ఆ సెక్షన్‌లో కొత్త అడ్మిషన్లు తీసుకుని ఏం చేస్తారు? మన బళ్లలో మనం చూడనిదా! అందుకే, కెప్టెన్లు దొరక్క మన సంస్థలు విదేశీ పైలట్లను తెచ్చుకున్న 2000ల మధ్యకాలం తర్వాత కూడా, లైసెన్సున్న మన పిల్లలు ఖాళీగా తిరిగారు. 2017లో డీజీసీఏ, కెప్టెన్ రాజీనామా చేస్తే ఏడాది, ఫస్ట్ ఆఫీసర్ అయితే ఆరు నెలలు నోటీసు ఇవ్వాలని నియమం పెట్టడానికి కారణం కూడా కెప్టెన్లు చేజారిపోతున్నారనే.

2025 డిసెంబరు మొదటి వారం గుర్తుందా? పైలట్లకు వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచిన నియమాలు పూర్తిగా అమల్లోకి వచ్చాక, ఇండిగో వందల కొద్దీ విమానాలు రద్దు చేసింది. శంషాబాద్‌లో జనం పెట్టెల మీదే పడుకున్నారు. ఆ రోజుల్లోనూ లైసెన్సు ఉన్నవాళ్లు ఇళ్లలో ఉన్నారు. వాళ్లను పిలిచి మర్నాడు కూర్చోబెట్టే వీలు లేదు. ఒకరిని తయారుచేయడానికి నెలలు పడుతుంది.

ఇక దుబాయ్ సంగతి. అక్కడికెళ్లాలన్న ఆశ తప్పేమీ కాదు. ఎమిరేట్స్, ఖతార్ ఎయిర్‌వేస్ లాంటి సంస్థల్లో జీతం మీద ఆదాయపు పన్ను ఉండదు. ఇల్లు, పిల్లల చదువు ఖర్చుల్లో సాయం ఉంటుంది. పెద్ద విమానాలు, బోయింగ్ 777, ఎ380, నడపవచ్చు. రెండు గంటల్లో దిగిపోయే హైదరాబాద్-ఢిల్లీ ప్రయాణానికీ, సముద్రాలు దాటే ప్రయాణానికీ తేడా పైలట్లకు బాగా తెలుసు. అందుకే మన కెప్టెన్లు వెళ్తారు. ఈ వాక్యంలో 'కెప్టెన్లు' అన్న మాటను గమనించండి. ఆ సంస్థలు అడిగేది జెట్ విమానాల మీద వేల గంటల అనుభవం. 200 గంటల లైసెన్సుకు అక్కడ తలుపు దాదాపు మూసే ఉంటుంది. పైగా ఒక దేశపు లైసెన్సు ఇంకో దేశంలో నేరుగా చెల్లదు, ఆ దేశపు పరీక్షలు రాసి మార్చుకోవాలి. అమెరికాలో శిక్షణ తీసుకుని వచ్చిన మన పిల్లలు కూడా ఇక్కడ డీజీసీఏ దగ్గర మార్పిడి చేయించుకోవాల్సిందే. అమెరికాలోనే ఉద్యోగం అంటే అక్కడి సంస్థలు మామూలుగా చూసేది పౌరసత్వమో గ్రీన్ కార్డో.

అమెరికా కథ కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నియామకాలు ఎంత త్వరగా తిరగబడతాయో అందులో కనిపిస్తుంది. 2020లో ప్రయాణికులు లేక అక్కడి సంస్థలు సీనియర్ పైలట్లకు డబ్బిచ్చి ముందే పదవీ విరమణ చేయించాయి. 2022కల్లా జనం తిరిగొచ్చారు, పైలట్లు లేరు. 2023 మార్చిలో డెల్టా సంస్థ నాలుగేళ్లలో 34 శాతం జీతం పెంచే ఒప్పందం చేసుకుంది. ఆ వార్తలు చూసి ఎందరో శిక్షణలో చేరారు. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం గాల్లో ఉండగా పక్క గోడలో బిగించిన పలక ఊడిపోయింది. అది బోయింగ్ 737 మ్యాక్స్ 9. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు. అధికారులు తనిఖీలు బిగించారు, బోయింగ్ నుంచి కొత్త విమానాల రాక మందగించింది. యునైటెడ్, సౌత్‌వెస్ట్ కొత్త పైలట్లను తీసుకోవడం ఆపాయి. కొరత నుంచి ఆగిపోవడం దాకా ఏడాదిన్నర కూడా పట్టలేదు.

అక్కడ ఇంకో పద్ధతుంది, మీకు వెంటనే అర్థమవుతుంది. ఏడాది మధ్యలో బదిలీ మీద కొత్త బడిలో చేరితే మీకు ఏ రోల్ నంబరు ఇస్తారు? చివరిది. వెనకటి బడిలో మీరు మొదటి ర్యాంకు అయినా సరే. అమెరికా విమాన సంస్థల్లో సీనియారిటీ అచ్చం ఇలాగే. పదివేల గంటల అనుభవమున్న పైలటైనా సంస్థ మారితే చివరి నంబరు. మంచి డ్యూటీలు, పండగ సెలవులు ముందు నంబర్లవాళ్లకు. ఉద్యోగాలు తీసేస్తే మొదట పోయేదీ చివరి నంబరే.

గల్ఫ్‌లో నంబరు గొడవ అంత లేదు గానీ వీసా గొడవ ఉంది. 2020లో ఎమిరేట్స్, ఎతిహాద్ పైలట్లను తగ్గించుకున్నాయి. ఉద్యోగం పోతే నివాస అనుమతి కూడా దాంతోనే పోతుంది, కొద్ది నెలల గడువులో కుటుంబమంతా పెట్టెలు సర్దుకోవాలి. బదిలీ ఆర్డరు వస్తే మీ నాన్నగారికి ఇంకో ఊళ్లో ఉద్యోగం ఉంటుంది, మీకు ఇంకో కేంద్రీయ విద్యాలయంలో సీటు ఉంటుంది. అక్కడ అలాంటి ఏర్పాటు ఉండదు. మన విద్యాలయాలు విదేశాల్లో ఉన్నవి మాస్కో, ఖాట్మండు, టెహ్రాన్‌లలోనే.

వారం తర్వాత అబ్బాయి వచ్చాడు, ఈసారి వాళ్ల నాన్నగారితో. ఆయన యూనిఫాంలోనే వచ్చారు. "మేడం గారూ, వద్దంటారా?" అని సూటిగా అడిగారు. వద్దనడానికి నేనెవరిని? వాడికి ఆకాశమంటే ఎంతిష్టమో ఏడో తరగతిలో వాడు రాసిన వ్యాసంలోనే చూశాను. డబ్బు ఏ వరసలో ఖర్చుపెట్టాలన్నదే నేను చెప్పగలిగింది.

మొదట వైద్య పరీక్ష. క్లాస్-2, ఆ తర్వాత క్లాస్-1. రంగులు సరిగా కనిపించకపోతే ఎన్ని లక్షలు కట్టినా లాభం లేదు. కళ్లజోడు ఉన్నంత మాత్రాన మాత్రం భయపడక్కర్లేదు. రెండోది డీజీసీఏ రాత పరీక్షలు: నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమాన నియమాలు, సాంకేతిక పేపర్లు. పుస్తకాలు కొని చదవడానికి పొలం అమ్మాల్సిన పనిలేదు. ఆ తర్వాతే ఫ్లయింగ్ స్కూలు. రాయబరేలి దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వపు ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్ బేగంపేటలో తెలంగాణ రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ ఉంది. ఏ స్కూలైనా "ఉద్యోగం గ్యారంటీ" అంటే ఆ మాట కాగితం మీద ఏ షరతులతో ఉందో చదవాలి.

ఆయన మరచిపోయిన ఖర్చొకటి గుర్తుచేశాను. లైసెన్సు వచ్చి ఉద్యోగం రాని రోజుల్లో కూడా ఏడాదికోసారి వైద్య పరీక్ష, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. అప్పు మీద వడ్డీ సరేసరి. మొత్తం అరకోటి దాటే ఖర్చులో రెండేళ్ల ఎదురుచూపును కూడా కలిపి లెక్క వేసుకోమన్నాను. ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి ఆ అంకె కూడా రాసుకున్నారు.

ఇంజనీరింగో, బీఎస్సీనో పక్కన ఉంచుకుందామని అబ్బాయి తనంతట తనే అన్నాడు. ఇప్పుడు ఫిజిక్స్ టీచరు దగ్గర అదనంగా కూర్చుంటున్నాడు. క్లాస్-2 పరీక్షకు తేదీ కోసం చూస్తున్నారు. పొలం ఇంకా అమ్మలేదు, ఈ ఏడు కంది వేశారట.