మెట్ల దగ్గరి స్విచ్చి లెక్క

మేడ ఉన్న ఇళ్లలో మెట్ల దీపానికి రెండు స్విచ్చిలుంటాయి. కింద వేసుకుని ఎక్కి, పైన ఆర్పేయవచ్చు. ఈ సౌకర్యం అందరికీ తెలిసిందే. ఆ స్విచ్చిలకు మాత్రం ఇది ఆన్, ఇది ఆఫ్ అని చెప్పే వైపంటూ లేదన్న సంగతి చాలామంది గమనించరు. కింది స్విచ్చి ఎటు వాలి ఉన్నా దీపం వెలగవచ్చు, ఆరిపోయి ఉండవచ్చు. అది తేల్చేది పై స్విచ్చి. ఎలక్ట్రీషియన్లు ‘టూవే’ అనే ఈ రకానికి వెనక మూడు టెర్మినళ్లుంటాయి. రెండు స్విచ్చిల మధ్య రెండు తీగలు లాగుతారు. రెండూ ఒకే తీగను పట్టుకుంటే దీపం వెలుగుతుంది, చెరో తీగను పట్టుకుంటే ఆరుతుంది. ఇద్దరిదీ ఒకే మాటేనా అని చూసే లాజిక్ సర్క్యూట్ ఇది. గోడలో ఉంది కాబట్టి ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు.

దీనికంటే తేలికైనవీ ఉన్నాయి. రెండు స్విచ్చిలను ఒకే తీగ మీద వరసగా బిగిస్తే రెండూ వేస్తేనే కరెంటు పారుతుంది. అది ‘అండ్’. జార్ సరిగ్గా కూర్చోకపోతే తిరగని మిక్సీల్లో ఉన్నది ఇదే. పక్కపక్కన కలిపితే ఏ ఒక్కటి వేసినా చాలు. అది ‘ఆర్’. ముందు గుమ్మానికో బటన్, పెరటి గుమ్మానికో బటన్ పెట్టి ఒకే కాలింగ్ బెల్ మోగించడం లాంటిది. మామూలుగా కలిసే ఉండి, నొక్కినప్పుడు మాత్రం విడిపోయే బటన్ ‘నాట్’.

ఈ మూడూ ఒకే డబ్బాలో చూడాలంటే పొలం గట్టుకు వెళ్లాలి. బోరు మోటారుకు బిగించే బటన్ స్టార్టర్‌లో ఆకుపచ్చ బటన్ నొక్కగానే లోపలి కాయిల్‌కు కరెంటు అందుతుంది. అది అయస్కాంతమై ఇనుప ముక్కను లాగుతుంది. దాంతో మోటారుకు వెళ్లే కాంటాక్టులు కలుస్తాయి. వాటితో పాటే ఆకుపచ్చ బటన్‌కు పక్కగా వేసిన ఓ చిన్న కాంటాక్టు కూడా కలుస్తుంది. అసలు కిటుకంతా దీనిలోనే ఉంది. వేలు తీసేసినా కాయిల్‌కు కరెంటు ఈ దారిన వస్తూనే ఉంటుంది. అంటే స్టార్టర్ తనను తానే పట్టుకుని నిలబడుతుంది. ఎర్ర బటన్ నొక్కితే దారి తెగి, పట్టు జారుతుంది. ఆకుపచ్చదిగానీ చిన్న కాంటాక్టుగానీ కలిసి ఉండాలి, ఎర్రది నొక్కి ఉండకూడదు: డబ్బాలోని తర్కమంతా ఇంతే. నొక్కింది ఒక్కసారే అయినా ఆ సంగతి అది గుర్తుపెట్టుకుంటుంది.

కరెంటు పోతే మాత్రం మరిచిపోతుంది. మళ్లీ వచ్చినప్పుడు ఎవరో ఒకరు వెళ్లి నొక్కాలి. అర్ధరాత్రి చేనికి పరుగెత్తలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నది ఇందుకే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల సరఫరా మొదలయ్యాక, మోటార్లు ఆగకుండా నడిచి భూగర్భ జలం తరిగిపోతుందని ఆ ఆటో స్టార్టర్లనే తీసేయమని ప్రచారం చేయాల్సి వచ్చింది.

ఇలా కాయిల్ లాగితే పనిచేసే స్విచ్చినే రిలే అంటారు. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు వీటితోనే నడిచేవి. వాటిని ఎలా కలపాలన్నది మాత్రం అనుభవం మీద తేలే విద్యగా ఉండేది. 1937లో అమెరికాలోని ఎంఐటీలో 21 ఏళ్ల క్లాడ్ షానన్ తన మాస్టర్స్ థీసిస్‌లో దీన్ని బీజగణితం చేసేశాడు. 1854లో జార్జ్ బూల్ ఆలోచనల తర్కం కోసం రాసిన గణితం స్విచ్చిలకు అచ్చంగా సరిపోతుందని చూపించాడు. తమాషా ఏమిటంటే, ఆ థీసిస్‌లో కలిసిన దారికి 0, తెగిన దారికి 1. ఆయన లెక్కపెట్టింది అడ్డంకిని మరి! అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే జార్జ్ స్టిబిట్జ్ ఇంట్లో వంటింటి బల్ల మీద రిలేలు, టార్చిలైటు బల్బులు, రేకు డబ్బా నుంచి కత్తిరించిన పట్టీలతో రెండంకెలు కూడే యంత్రం తయారుచేశాడు.

రిలే పోయి ట్రాన్సిస్టర్ వచ్చాక స్విచ్చి ఉద్యోగం మారింది. స్టార్టర్‌లో అది కరెంటును మోసేది, చిప్పు దగ్గర కబురు మాత్రమే మోస్తుంది. చిప్పు చూసేది వోల్టేజీని. టీటీఎల్ రకం చిప్పుల్లో 0.8 వోల్టుల లోపుంటే 0, రెండు వోల్టులు దాటితే 1. స్విచ్చి వేయనప్పుడు తీగ ఎక్కడా తగలకుండా గాలిలో వేలాడుతుంటే, అది కలిపిన చిప్పు కాలు (పిన్) 0 కాదు, 1 కూడా కాదు. సీమాస్ రకం చిప్పయితే దగ్గరకు చెయ్యి తెచ్చినా మనసు మార్చుకుంటుంది. అందుకే ఆ కాలిని 10 కిలో ఓముల రెసిస్టర్‌తో 5 వోల్టులకు కడతారు. బటన్ నొక్కితే కాలు గ్రౌండుకు తగిలి 0 అవుతుంది, రెసిస్టర్‌లో పారేది అర మిల్లీయాంపియరే. నొక్కితే 0, వదిలేస్తే 1 అన్నమాట. కొత్తగా నేర్చుకునేవారు తడబడేది ఇక్కడే. షానన్ లెక్క గుర్తున్నవారికి ఇదేమంత వింత కాదు.

ఇంకో చిక్కుంది. లోహపు పత్తీ దెబ్బ తగలగానే నిలవదు, కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడుతుంది. దీపం విషయంలో ఆ మిణుకు కంటికి ఆనదు. చిప్పుకు మాత్రం ప్రతి ఎగురుడూ ఓ నొక్కుడే. డిజిటల్ గడియారంలో నిమిషం సరిచేయబోతే మూడు నిమిషాలు దూకడానికి ఇదీ ఓ కారణం. కెపాసిటర్ పెట్టి కుదుపు మింగించవచ్చు. మైక్రోకంట్రోలర్ ఉంటే, కాసేపు ఆగి మళ్లీ చూడమని ప్రోగ్రామ్‌లో రాయవచ్చు.

ముచ్చటైన మందు మాత్రం పాత సరుకుతోనే తయారవుతుంది. మెట్ల దగ్గరి మూడు టెర్మినళ్ల స్విచ్చిని తీసుకుని, రెండు నాండ్ గేట్లను, అంటే ‘అండ్’ జవాబును ‘నాట్’తో తిరగేసే సర్క్యూట్లను, ఒకదాని జవాబు రెండోదానికి వెళ్లేలా కలుపుతారు. పత్తీ ఒక వైపు తొలిసారి తగలగానే గేట్లు ఆ వైపుకు తిరిగి, స్టార్టర్‌లా పట్టుకుని నిలుస్తాయి. పత్తీ ఎన్నిసార్లు గాలిలోకి లేచినా అవతలి వైపు తగలనంతవరకు పట్టు వదలవు. 7400 అనే చిప్పులో నాండ్ గేట్లు నాలుగుంటాయి కాబట్టి, మిగిలిన రెండింటితో ఇంకో స్విచ్చి కుదుపూ ఆపుకోవచ్చు.