ట్రాన్స్‌ఫర్ నేర్పిన మాటలు
ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తే చాలు, మన ఇళ్లలో పెట్టెలు సర్దడం మొదలు. ఈసారి ఆ మాటనే విప్పి చూద్దాం. లాటిన్‌లో 'ట్రాన్స్' అంటే అవతలికి, 'ఫెర్రే' అంటే మోయడం. అవతలికి మోసుకుపోవడమే ట్రాన్స్‌ఫర్!

ఈ ఒక్క 'ట్రాన్స్' తెలిస్తే కష్టమైన మాటలూ లొంగుతాయి. అవతలి వస్తువు కనిపించనిచ్చేది ట్రాన్స్‌పరెంట్, అంటే పారదర్శకం. హద్దు దాటి అడుగు వేయడం ట్రాన్స్‌గ్రెస్, అంటే అతిక్రమించడం. నిలవకుండా దాటిపోయేది ట్రాన్సియెంట్, అంటే తాత్కాలికం.

మన తెలుగు మాటకూ బదిలీ తప్పలేదు. పందికొక్కు ఇంగ్లీషులోకి వెళ్లి బాండికూట్ అయింది!

జాబితా బట్టీపడితే పరీక్ష మర్నాడే మరిచిపోతాం. అందుకే రోజుకొక మాట విప్పి, సొంత వాక్యంతో నోటుపుస్తకంలో రాసుకుందాం. బడీ స్నేహితులూ వెనకే ఉండిపోయినా, ఆ పుస్తకం మాత్రం మన సంచీలోనే వస్తుంది.