ఇరుసుమీది యిల్లు

చిన్న వ్యానులో శయ్యను, వంటింటిని, దీపమును అమర్చుకొని రావికమతమునుండి లంబసింగి కొండలదాక చేసిన ప్రయాణములు నేర్పిన తూకపు పాఠములు

తూర్పుకనుమల తొలి వరుసలు నీటిలో తలక్రిందులుగా నిలిచియున్న కల్యాణపులోవ జలాశయపు గట్టు దాపున, మంచుతెర యింకను వీడని యొక పుష్యమాసపు వేకువను, మా చిన్న వ్యాను వెనుకతలుపును పైకెత్తి, ఆ తలుపునే చూరుగా చేసికొని, దాని క్రింద మా యావిడ అల్లపుటీ కాచుచుండగా, మేకలను తోలుకొనిపోవుచున్న ముదుసలి యొకడు ఆగి, లోనున్న పరుపును, ప్రక్కన వ్రేలాడుచున్న గంటెను, వెలుగుచున్న చిన్న దీపమును తేరిపార జూచి, "సవారీబండి కట్టుకొచ్చారేటి బాబూ!" అని నవ్వి తన దారిని తాను పోయెను.

మోటారుహోమనియు, కారవాననియు, క్యాంపరు వ్యాననియు పత్రికలు పేర్కొను ఈ వాహనమును తెలుగున నేమని పిలువవలెనా యని రెండేండ్లుగా నేను తర్జనభర్జన పడుచుండగా, ఆ మేకలకాపరి ఒక్క క్షణములో తేల్చివేసెను. అంతేకాదు, కొంత ధనమును, అంతకంటె ఎక్కువగా పరువును వెచ్చించి నేను తెలిసికొనిన శిల్పరహస్యమంతయు ఆ పాతపేరులోనే యిమిడియున్నదని నాకు తరువాత తోచినది.

గూడెక్కుట, గూడు దిగుట

మా రావికమతము భీమునిపట్టణమునుండి నర్సీపట్నమునకు పోవు బాటమీద, మైదానము అలసి మన్యమునకు చోటిచ్చుచున్నట్లు కనబడు సంధిస్థలమున నున్న యూరు. నా చిన్నతనమున ఈ బాటపై మోటారులకంటె ఎడ్లబండ్లే యెక్కువ. ఒకే బండి కోతలనాడు వరిపనలను మోసెడిది. గానుగల కాలమున బెల్లపు దిమ్మలనెత్తుకొని అనకాపల్లి బజారునకు పోయెడిది. జాతరకో పెండ్లికో మాత్రము, వెదురుబద్దలను విల్లువలె వంచి చాప కప్పిన గూడు దానిపై కెక్కెడిది. తొట్టిలో ఎండుగడ్డియు, గడ్డిపై బొంతయు పరచి, ముసలివారిని, పసివారిని, చలిదిమూటను, నీళ్లచెంబును సర్దినచో అప్పుడది సవారీబండి. ఊరు చేరి పని ముగిసినంతనే గూడు దిగి గోడకు చేరబడెడిది; బండి మరల పెంటకో పనలకో సిద్ధమయ్యెడిది.

బండి కట్టునపుడు మా తాతయ్య సామానుకంటె ముందు ఇరుసును చూచెడివాడు. "ముందు బరువైతే ఎడ్ల మెడలు పుండ్లవుతాయి, ఎనక బరువైతే కాడి పైకి లెగిసి పలుపు పీకకి బిగుస్తాది, బరువంతా ఇరుసు మీదుండాల్రా" అని అతడనెడి మాటను నేను బాల్యమున వింటిని గాని, అర్థము చేసికొనుటకు అరువదియవ యేడు రావలసివచ్చెను.

నడిచిన యిండ్లు

ఇల్లు వెంటబెట్టుకొని తిరుగవలెనను కోరిక నేటిది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి, కాశికేగి, తిరుగుదారిలో మన యుత్తరాంధ్ర తీరముగుండ నడచి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరువరకు, డేరాలను, పల్లకీ బోయీలను, ఇంచుమించు నూరుగురు పరివారమును వెంటనుంచుకొనెను. ఎక్కడ దిగవలెను, ఎక్కడ నీరు మంచిది, ఎక్కడ బియ్యము దొరకును అను వివరములను ఆయన వ్రాసికొనిన తీరు చూచినచో, నేటి కారవాను ప్రయాణికుని చింతలును అవియేయని తెలియును. ఆయన యింటిని మోయుటకు మనుష్యులు కావలసివచ్చిరి.

ఇంగ్లండున గార్డన్ స్టేబుల్స్ అను నౌకాదళపు వైద్యుడు 1885లో 'వాండరర్' అను గుఱ్ఱపు కారవానును బ్రిస్టల్ బండ్ల కర్మాగారమున చేయించెను. జీవనోపాధికి గాక విహారమునకే నిర్మింపబడిన తొలి కారవానులలో నొకటిగా పేరొందిన ఆ చేవకర్రల సౌధము రెండు టన్నుల దాపు తూగెడిది. దానిని లాగిన రెండు గుఱ్ఱముల యభిప్రాయము మాత్రము ఎవ్వరును అడుగలేదు. 1951లో జర్మనీకి చెందిన వెస్ట్‌ఫాలియా సంస్థ మరియొక దారి పట్టెను: ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో అవసరమైనపుడు అమర్చి, అక్కరలేనపుడు దించదగిన 'క్యాంపింగు పెట్టె'ను తయారుచేసెను. వారమంతయు సరకు మోసిన వ్యాను ఆదివారమునాడు ఇల్లయ్యెడిది. ఎరుగకయే వారు మన గూడుబండి విద్యను జర్మనీలో పునరుద్ధరించిరని నేననుకొందును.

మన తెలుగుదేశమున నడిచిన యింటికి అందరును ఎరిగిన ఉదాహరణము చైతన్యరథము. 1982లో నందమూరి తారకరామారావు ఒక పాత షెవర్లే వ్యానును మార్పించి, పైన ప్రసంగవేదికయు, లోన విశ్రాంతి తీసికొనుటకు చోటును ఏర్పరచుకొని, కుమారుడు హరికృష్ణ సారథ్యము వహింపగా ఊరూరను తిరిగి, బాటప్రక్కనే స్నానపానాదులు కానిచ్చి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసెను. రాజకీయ చరిత్రకారులు దానిని రథమందురు. నాబోటి బండిపిచ్చివానికి మాత్రము అది, పాతబడిన వాహనమునైన యజమాని అక్కరకు తగినట్లు మలచవచ్చునని లోకమునకు చూపిన తొలి తెలుగు కారవానుగానే కనబడును.

బీరువాకు చక్రములు

ఇన్ని యెరిగియు నేను చేసిన తొలి ప్రయత్నము తప్పుదారినే నడిచినది. ఖాళీగా ఇంచుమించు తొమ్మిదివందల నలుబది కిలోలు తూగు మా వ్యానులో, ఇంటియందున్నవన్నియు ఉండవలెనను దురాశతో, పందొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్డు రేకులు మూడింటిని కోయించి, కుడిప్రక్క నిలువెత్తు అలమరను, వెనుక వంటగట్టును, వాని క్రింద పెద్ద ఆమ్లపు బ్యాటరీని, నలుబది లీటర్ల నీటితొట్టిని పెట్టించితిని. ఎనిమిదడుగులకు నాలుగడుగుల రేకు ఆ మందమున ముప్పదియారు కిలోల దాపు తూగునను సంగతిని వడ్రంగి చెప్పలేదు; నేనడుగలేదు.

నర్సీపట్నము దాటి లంబసింగి ఘాటు ఎక్కుచుండగా, ఎడమకు తిరుగు ప్రతి మలుపునను బండి కుడికి ఒరిగి, తప్పత్రాగినవాడు గోడను వెదకికొనునట్లు లోయవైపునకు తూలసాగెను. అలమర తలుపు తనంత తాను తెరచికొని, ఉప్పుడబ్బాను మా యావిడ తలపై విసరెను. "ఏమండీ, ఇంట్లో ఉన్నప్పుడు ఆ డబ్బా నన్నెప్పుడూ ఏమీ అనలేదు" అని యామె మెల్లగా అనిన మాటకు నావద్ద సమాధానము లేకపోయెను.

తిరిగివచ్చిన మరునాడు, చెరకు ట్రాక్టర్లు బారులుతీరియున్న యొక కాటాకు వ్యానును తోలుకొనిపోయి తూయించితిని. ఎక్కిన బరువు రెండువందల పది కిలోలు. ముందుచక్రములను మాత్రము పలకపై నుంచి యొకసారి, వెనుకచక్రములను మాత్రమే యుంచి యొకసారి తూచుమని నేను కోరగా, చీటీ వ్రాయు కుఱ్ఱవాడు లోనికి తొంగిచూచి, "ఇది బండి కాదు బాబూ, బీరువాకి చక్రాలెట్టినట్టుంది" అనెను. పెరిగిన బరువులో ముప్పాతికకు పైగా వెనుక ఇరుసుమీదనే కూర్చున్నదని ఆ రెండు చీటీలు చెప్పెను. కాడి పైకి లేచినదన్నమాట. మా తాతయ్య యున్నచో కాటాకు పోకుండగనే చెప్పియుండును.

ఆ పరాభవము చల్లారకమునుపే రెండవ పాఠమును చదువవలసివచ్చెను. మోటారు వాహనముల చట్టము, 1988 నందలి 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమందలి వివరములు, తయారీదారు నిర్ణయించిన స్వరూపము మారునట్లు యజమాని తన యిష్టము వచ్చినట్లు వాహనమును మార్పరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టును ఇదే విషయమును నొక్కిచెప్పెను. కారవానుగానే నిర్మింపబడు మోటారు వాహనములకు ఏఐఎస్-124 అను ప్రత్యేక ప్రమాణము కలదు. ఆసనములను ఊడదీసి, నేలకు రంధ్రములు తొలిచి, పైకప్పును కోసి సొంతముగా ఇల్లు కట్టబూనువారు, పని మొదలిడకమునుపే రవాణా కార్యాలయమున విచారించుట మేలు. ప్రమాదము జరిగిన పిమ్మట బీమావారితో వాదించుటకంటె అది చౌక.

అందుచేత అలమరను ఊడబెరికి, దానికి మా పెరటి కోళ్లగూటియందు పదవి కల్పించి, నేను సవారీబండి సూత్రమునకే తిరిగివచ్చితిని: బండికి రంధ్రమైన పెట్టరాదు, ఇంటిని సామానువలె ఎక్కింపవలెను, సామానువలె దింపవలెను.

పెట్టెలో కాపురము

ఇప్పుడు మా యిల్లు ఒక పెట్టె. వెడల్పు నలుబదిరెండు అంగుళములు, లోతు ఇరువదినాలుగు, ఎత్తు పదిహేను. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు రేకులు రెండు మాత్రమే పట్టినవి. వెనుక ఆసనమును మడచి, పెట్టెపై కీళ్లతో ముడుచుకొనియున్న మూడు పలకలను ముందుకు పరచినచో ఆరడుగుల రెండంగుళముల మంచమగును. మూడున్నర అడుగుల వెడల్పు ఇద్దరకు చాలునా యని యడుగువారికి మనవి: ఒకరు ఒత్తిగిలినచో రెండవవారును ఒత్తిగిలవలెను, దాంపత్యమునకు ఇది మంచి వ్యాయామము. వెనుకతలుపు తెరచిన వైపున రెండు సొరుగులు. ఒకదానిలో పొయ్యి, గిన్నెలు. రెండవదానిలో బియ్యము, పప్పు, ఊరగాయ, దారిలో కొనిన మాడుగుల హల్వా.

సొరుగుల పిడులు ఏటికొప్పాకవి. వరాహనది యొడ్డున నున్న ఆ యూరి పనివారు అంకుడుకర్రను తరిమెనపట్టి, గింజలు, బెరడులు, వేళ్లనుండి తీసిన రంగుల లక్క పూసి చేయు బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అంకుడు తేలికైన కర్ర. నునుపైన పిడి చేతికి చల్లగా తగులును. ఆ నాలుగు పిడులు తప్ప ఆ పెట్టెలో అలంకారమనదగినది లేదు.

ఈ బాటమీద నాలుగు మైళ్లు పోవునప్పటికి సాధారణపు మరలు గోతుల కుదుపులకు వదులైపోవును. కాబట్టి బోల్టులన్నిటికిని నైలాక్ నట్లను బిగించితిని. గిన్నెకును గిన్నెకును నడుమ పాతచీర ముక్క నుంచనిచో, రావికమతమునుండి కొత్తకోట చేరులోపల భజనమేళమును వినవచ్చును. నిండు నీళ్లక్యాను ఇరువది కిలోలు. హఠాత్తుగా బ్రేకు వేసినచో అది నీరు కాదు, రాయి. దానిని ముందు ఆసనముల వెనుక, రెండిరుసుల నడుమ, నేలమీద నిలిపి, లారీవారు వాడు పట్టెడబెల్టుతో బిగించుట మాకు నియమము.

పెట్టెయు పలకలును నలుబదియెనిమిది కిలోలు, బ్యాటరీ పన్నెండు, పరుపు ఎనిమిది, నీరు ఇరువది, చిన్న సిలిండరు పదకొండు, పాత్రలు ఆరు. వెరసి నూట ఐదు. కాటా కుఱ్ఱవాడు ఈసారి ఏమియు ననలేదు, నాకది ప్రశంసాపత్రము.

దీపము, గాలి, చలి

లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ వంద ఆంపియర్-గంటలది ఇంచుమించు 1,280 వాట్-గంటల శక్తిని దాచుకొనును. ఇరువది వాట్ల ఫంకా రాత్రి ఎనిమిది గంటలు తిరిగినచో 160, దీపములకు 24, రెండు ఫోనులకు 30 వేసికొనినను, ఎండ మొగము చూడకుండ ఐదు రాత్రులు వెళ్లదీయవచ్చును. ఇండక్షను పొయ్యి మాత్రము ఒక్క గంటలోనే ఆ నిధినంతయు మ్రింగివేయును. అందుచే వంటకు గ్యాసునే నమ్ముకొంటిమి. బ్యాటరీ ధనధ్రువమునకు జానెడు దూరములోపల ఫ్యూజు లేనివాడు నిప్పును ప్రక్కలో పెట్టుకొని నిద్రించువాడు.

సుమారు వెయ్యి మీటర్ల యెత్తున నున్న లంబసింగిలో శీతకాలపు వేకువలు కొన్నియేండ్లు సున్నా డిగ్రీల దాపునకు దిగును. అట్టి గడ్డచలిలో ఈ జాతి బ్యాటరీని ఛార్జిచేయరాదు. పొద్దెక్కి బండి వెచ్చబడువరకు ఆగవలెను. మనుష్యుల విషయమున జాగ్రత్త అంతకు మించినది. చలికి తాళలేక కుంపటిని బండిలోనికి తెచ్చుకొని తలుపులు బిగించుకొనుట మృత్యువును అతిథిగా పిలుచుటయే. బొగ్గులనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగులేదు, వాసనలేదు. రెండు అద్దములను రెండేసి వ్రేళ్ల మేర దించి, దోమతెర కట్టి, రెండు బొంతలు కప్పుకొనుటయే మా పద్ధతి. అద్దములు పూర్తిగా మూసిన రాత్రి మా ఊపిరులే నీరై కప్పునుండి ముఖములపై చినుకులుగా రాలినవి.

గూడు దిగిన రాత్రి

మొన్న మాఘమాసమున, తాజంగి జలాశయమువైపు పోవుటకు సర్వము సర్దుకొని, తెల్లవారుజామున బయలుదేరవలెనని నిద్రించిన రాత్రి, పదునొకండు గంటలవేళ వీధిలోనివారు తలుపు తట్టిరి. వారి కోడలికి నొప్పులు మొదలైనవి. ఎదురుచూచిన బండి వచ్చు జాడ లేదు. నర్సీపట్నము ఆసుపత్రికి పోవలెను. నాలుగు పట్టెడబెల్టులను విప్పి, ఇద్దరము చెరియొక కొననుపట్టి పెట్టెను అరుగుపై దింపి, ఆసనమును నిలువబెట్టునప్పటికి పదినిమిషములైన పట్టలేదు. పరుపును మాత్రము ఉండనిమ్మని మా యావిడ చెప్పెను. రోలుగుంట దాటువరకు ఆ గోతుల బాటపై నేను ఎన్నడును నడపనంత మెల్లగా నడపితిని.

తెల్లవారి, ఆడపిల్ల పుట్టినదని విని యిల్లు చేరితిమి. అరుగుమీద పెట్టె అట్లేయుండెను. తాళము వేయని క్రిందిసొరుగు ఒకటి జానెడు తెరచికొనియుండెను. దానిలో, గిన్నెల నడుమనున్న పాతచీర ముక్కలపై, వీధిపిల్లి యొకటి తన మూడు కూనలతో కాపురము పెట్టియుండెను. తాజంగి ప్రయాణము పదిదినములు వాయిదాపడెను.