తోడీ శిఖరము - కొండకుటీరములు



స్విట్జర్లాండు దేశమందలి మంచుకొండలను గూర్చి మీలో పెక్కుమంది వినియుందురు. ఆ దేశమునకు పోవు యాత్రికులు సామాన్యముగా యుంగ్‌ఫ్రావు కనుమకు పోవుదురు. అచటికి 1912 నుండి రైలు నడచుచున్నది. 11,300 అడుగుల యెత్తునకు కాలు కదపకయే చేరవచ్చును. నేను చెప్పబోవునది ఆ త్రోవను గూర్చి కాదు. ఆ దేశపు తూర్పుభాగమున గ్లారుస్ అను చిన్న మండలము గలదు. లింత్ అను నది దాని నడుమ ఉత్తరముగా పాఱుచుండును. ఆ లోయ చివర, ఊళ్లన్నియు ముగిసిన చోట, తోడీ అను శిఖరము 11,800 అడుగులకు మించిన యెత్తున నిలిచియున్నది. దాని మీదికి రైలు లేదు, తీగపై ప్రాకు బండియు లేదు. పోదలచినవాడు తన కాళ్లనే నమ్ముకొనవలెను. అందువలననే ఆ ప్రాంతమున సందడి తక్కువ. అక్కడికి దాపుననే కేర్ఫ్ అను కొండ చుట్టును వేటాడరాదని గ్లారుస్ వారు 1548లోనే కట్టడి చేసికొనిరి. ఆ కట్టడి నేటికిని చెల్లుచున్నది. కొండమేకలు మనుష్యుని జూచి అంతగా బెదరవు.

తోడీకి దక్షిణపు వైపున రైన్ నది పుట్టి ప్రవహించు లోయ గలదు. అచటివారి భాష రొమాన్ష్. లాటిను భాషకు బిడ్డ. దానిని మాటలాడువారు కొలదిమందియే యైనను 1938లో దేశప్రజలు సమ్మతి నిచ్చి దానిని నాలుగవ జాతీయభాషగా గ్రహించిరి. ఆ లోయలోని ట్రున్ గ్రామమున 1752లో ప్లాసిదుస్ ఆ స్పెషా అను నతడు పుట్టెను. రైతుబిడ్డ. పెద్దవాడై దిసెంటిస్ మఠమున క్రైస్తవసన్యాసి యయ్యెను. జపతపముల నడుమ తీఱిక దొరకినప్పుడెల్ల కొండలెక్కుటయు, స్ఫటికములు ఏఱుటయు, చూచినదానిని వ్రాసికొనుటయు ఆయనకు వ్యసనమయ్యెను. 1789లో రైన్‌వాల్డ్‌హార్న్ అను 11,000 అడుగులకు మించిన శిఖరము నెక్కెను. 1799లో ఫ్రెంచి సైన్యము దిసెంటిస్ మఠమును తగులబెట్టగా ఆయన వ్రాతలలో పెక్కు బూడిదయైపోయెను. అంతటితో నిలువక ఆస్ట్రియావారు ఆయనను అనుమానించి ఇన్స్‌బ్రుక్ నగరమునకు తరలించిరి. తిరిగివచ్చిన పిదప ఆయన మరల కలము పట్టెను, మరల కొండ పట్టెను.

ఆయనకు తోడీ మీద మనసు. పెక్కుమాఱులు ప్రయత్నించి వెనుకకు మరలెను. 1824 సెప్టెంబరు 1వ తేదీన, డెబ్బదిరెండవ యేట, కడసారి బయలుదేఱెను. వెంట ఒక సేవకుడును, ప్లాసి కుర్షెల్లాస్, అగుస్తీన్ బిస్క్వోల్మ్ అను ఇరువురు వేటగాండ్రును ఉండిరి. సుమారు 11,000 అడుగుల యెత్తున నొక కనుమ చేరుసరికి ముసలిసన్యాసికి అడుగు ముందునకు పడలేదు. ఆయన అచటనే నిలిచి వేటగాండ్ర నిరువురను పైకి పంపెను. వారు శిఖరము చేరిరి. తోడీ నెక్కిన మొదటి మనుష్యులు వారే. శిఖరమునకు ఎనిమిదివందల యడుగుల క్రింద ఆగిపోయిన సన్యాసి పేరు ఆ కనుమకు నిలిచినది. నేటికిని దానిని స్పెషా ద్వారమనియే పటములయందు వ్రాయుదురు. నాకు జూడ, బలము చాలదని తెలిసికొని ఆగుట ఆయన యెక్కిన కొండ లన్నిటికంటెను తక్కువ పని కాదు.

ఆయన కాలమున కొండ యెక్కువారికి రాత్రి తలదాచుకొన పశువులకాపరుల గుడిసెలే దిక్కు. కొంచెము లెక్క చూడుడు. లింతాల్ గ్రామము రెండువేల యడుగుల చిల్లర యెత్తున నున్నది. అచటినుండి తోడీ కొనకు తొమ్మిదివేల యడుగులకు పైగా ఎక్కవలెను. ఆరోగ్యవంతుడు గంటకు వేయి యడుగుల వంతున ఎక్కును; పైకి పోయినకొలది గాలి పలుచనగుటచే ఆ నడక ఇంకను మందగించును. మధ్యాహ్నము దాటినచో ఎండకు మంచు మెత్తబడి కాలు దిగబడును. మంచుగడ్డల యేటిపై నున్న పగుళ్లను కప్పిన మంచువంతెనలు కూలును. ఉఱుములు మెఱుపులు కమ్మును. కాబట్టి తెల్లవాఱకమునుపే మంచు దరిని చేరియుండవలెను. అట్లు చేరవలెనన్న ముందునాటి రాత్రి కొండమీదనే ఎక్కడనో పడుకొనవలెను.

ఈ యవసరము నెఱిగి 1863లో ఓల్టెన్ పట్టణమున స్విస్ ఆల్పైన్ క్లబ్బు అను సంఘము నేర్పరచిరి. ఆ యేడే వారు తమ మొదటి కుటీరమును తోడీ క్రిందనే, గ్ర్యూన్‌హార్న్ అను బండమీద, సుమారు ఎనిమిదివేల యడుగుల యెత్తున కట్టిరి. పిదప దాని దిగువ ఫ్రిడోలిన్ అను పెద్దకుటీరము వచ్చినది. నేడు ఆ సంఘమునకు దేశమంతట ఇంచుమించు నూటయేబది కుటీరములు గలవు.

ఈ కుటీరము లెట్లు నడచునో చెప్పెదను. మనకు సత్రముల సంగతి తెలిసియున్నది కాబట్టి ఇది సులభముగా బోధపడును. వేసవినెలలలో కుటీరమున ఒక పాలకుడో పాలకురాలో ఉండును. వాకిటనే ముళ్లబూట్లు విడిచి అచటి మెత్తని చెప్పులు తొడుగుకొనవలెను. పడుకొనుటకు పొడవైన బల్లలమీద ప్రక్కప్రక్కన పరుపులు పఱచియుండును. మంత్రికైనను కూలివానికైనను అదియే చోటు. ప్రక్కవాడు గుఱక పెట్టినచో దూదిని చెవులలో నుంచుకొనుట తప్ప వేఱుపాయము లేదు. సాయంకాలము అందఱకు ఒకేమాఱు భోజనము: వేడిచాఱు, రొట్టె, ఉడికిన పదార్థమేదో యొకటి. గ్లారుస్ వారికి ప్రత్యేకమైన యొక పచ్చని జున్ను గలదు. దానియందు మన మెంతికూరకు చుట్టమైన మొక్కయొక్క యెండుటాకుపొడిని కలుపుదురు. దానిని ఏ తీరున చేయవలెనో 1463లోనే వారి సభ శాసించినది. రాత్రి పదిగంటలకు దీపములార్పుదురు. శిఖరమునకు పోవువారు మూడు నాలుగు గంటలకే లేతురు.

పూర్వము సరకులను మనుష్యులును కంచరగాడిదలును మోయుచుండిరి. ఇప్పుడు చాలచోట్ల హెలికాప్టరు తెచ్చి దింపిపోవును. అందుచేత అచట రొట్టెముక్కకు సైతము వెల యెక్కువ. దానికి సణుగుట న్యాయము కాదు.

కుటీరమున మిక్కిలి ముఖ్యమైన వస్తువు ఒక పుస్తకము. వచ్చినవాడు తన పేరును, ఎక్కడనుండి వచ్చెనో, ఱేపు ఎక్కడికి పోవునో దానియందు వ్రాయవలెను. కొందఱు అది వేడుకకు కవిత్వము వ్రాయు పుస్తకమని తలతురు. మనిషి తిరిగిరానప్పుడు వెదకుటకు వెడలువారు మొట్టమొదట తెఱచునది దానినే.

శరత్తున పాలకుడు దిగిపోవును. అయినను కుటీరము పూర్తిగా మూతపడదు. సామాన్యముగా ఒక గది తెఱచియే యుండును. దానియందు పొయ్యి, కట్టెలు, కుండలు, కంబళ్లు ఉండును. గాలివానలో చిక్కినవాడు ఎవరి నడుగకయే లోనికి పోవచ్చును. తాను కాల్చిన కట్టెలకు, పండుకొన్న రాత్రికి సొమ్ము పెట్టెలో వేసి, లేదా తరువాత పంపి, గది యూడ్చి, తలుపు గట్టిగా మూసి పోవలెను. చూచువాడు లేడు. ఎవడైన కట్టెలన్నియు కాల్చి మఱల కొట్టి పెట్టక పోయెనా, తరువాత తడిసి వచ్చినవాని ప్రాణమునకే మోసము.

త్రోవల గుర్తులు మూడు విధములు. పసుపు గుర్తు గలది ఎవరైనను నడువదగినది. తెలుపు ఎఱుపు తెలుపు చారలున్నది కొండబాట; నిలుకడగా అడుగు వేయగలవారికే. తెలుపు నీలము తెలుపు చారలున్నచో అచట బండలు ప్రాకవలెను, మంచు దాటవలెను. బాట కడనున్న పలకలమీద మైళ్లుండవు. ఎన్ని గంటల నడకయో వ్రాసియుండును. కొండమీద మైలు అనుమాటకు అర్థము లేదు గదా. ఆపదలో చిక్కినవాడు నిమిషమునకు ఆఱుమాఱులు కేకవేసియో, దీపము చూపియో, ఒక నిమిషము ఆగి మరల అట్లే చేయవలెను. విన్నవారు నిమిషమునకు మూడుమాఱులు బదులిత్తురు.

ఇంతకాలము ఈ యేర్పాటులన్నియు కొండ కదలదను నమ్మకముమీద నిలిచినవి. ఇప్పుడది సడలుచున్నది. 2022, 2023 అను రెండేండ్లలోనే స్విట్జర్లాండు మంచుగడ్డల యేళ్లలోని మంచులో పదవవంతు కరగిపోయినది. తోడీని చుట్టి దిగు బిఫెర్టెన్ మంచుయేఱును తగ్గుచున్నది. మంచు తొలగినచోట వదులురాళ్లు బయటపడి దొర్లుచున్నవి. ఎత్తైనచోట్ల ఏడాదిపొడుగున గడ్డకట్టియుండి బండలను పట్టియుంచిన నేల సడలుటచే కొన్ని కుటీరములకు పునాదియే ప్రమాదములో పడినది. వేడి హెచ్చైన వేసవులలో కొన్నిటికి త్రాగునీరును కఱవగుచున్నది. నిన్నటి యేడు మంచుమీదుగా పోయిన బాట ఈ యేడు బండపైకి మాఱవచ్చును. కాబట్టి పటమున్నదిగదా యని బయలుదేఱక, ముందునాటి సాయంకాలమే కుటీరపాలకుని యొద్ద కూర్చుండి బాట ఎట్లున్నదో అడుగవలెను. ఆతడు వద్దన్ననాడు ఎక్కక, వచ్చిన త్రోవనే దిగిపోవలెను.