చలి, సళి, మయక్కం: కారాగార ఆరోగ్య భద్రతలో భాష – రేణిగుంట పరిసరాల తమిళ విచారణ ఖైదీల నేపథ్యం

1. ప్రవేశిక

చెన్నై–ముంబయి, గూడూరు–కాట్పాడి రైలుమార్గాలు కలిసే కూడలి రేణిగుంట. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం వేలూరుతో పాటు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. పాలనాపరమైన హద్దులు మారినా మనుషుల రాకపోకలు ఆగలేదు. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరకడానికి జవ్వాది కొండల నుంచి, తిరువణ్ణామలై, ధర్మపురి ప్రాంతాల నుంచి మేస్త్రీలు తీసుకువచ్చే కూలీలు ఈ రాకపోకల్లో భాగమే. పట్టుబడినవారు తెలుగునాట జైళ్లకు చేరుతారు.

2013 డిసెంబరులో శేషాచలం అడవుల్లో ఇద్దరు అటవీ అధికారులు హత్యకు గురైన తరువాత తమిళనాడుకు చెందిన కూలీలు వందల సంఖ్యలో అరెస్టయ్యారు. 2016లో తిరుపతి న్యాయస్థానం ఆ కేసు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. అప్పటికి వారిలో చాలామంది రెండేళ్లకు పైగా జైలులో గడిపారు. విచారణ ఖైదీ ఆరోగ్యం రాజ్యం బాధ్యత అన్న సూత్రానికి ఇంతకంటే గట్టి పరీక్ష ఉండదు. శిక్షే లేనివారికి జైలులో సోకిన జబ్బును ఏ తీర్పూ వెనక్కి తీసుకోలేదు.

రామమూర్తి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం (1996) తీర్పులో సర్వోన్నత న్యాయస్థానం కారాగారాల సమస్యలను తొమ్మిదిగా గుర్తించింది. కిక్కిరిసిన గదులు, విచారణలో జాప్యం, ఆరోగ్యం పట్ల నిర్లక్ష్యం వాటిలో ఉన్నాయి. సంపర్కలోపం కూడా ఉంది కాని, అక్కడ ఆ మాటకు ఖైదీకీ బయటి కుటుంబానికీ మధ్య సంబంధమన్నదే ప్రధానార్థం. ఖైదీకీ వార్డరుకూ మధ్య మాట తెగిపోతే ఏమవుతుందన్నది ఈ వ్యాసం వివరించదలచిన విషయం.

2. ఫిర్యాదు నడిచే దారి

కారాగారాల చట్టం (1894) 24వ సెక్షన్ ప్రకారం, జైలుకు వచ్చిన ఖైదీని వీలైనంత త్వరగా వైద్యపరీక్ష చేసి ఆరోగ్యస్థితిని, ఒంటిమీది గాయాలను పుస్తకంలో నమోదు చేయాలి. 37వ సెక్షన్ మరింత కీలకమైనది. వైద్యుణ్ణి చూడాలని ఖైదీ కోరినా, అతడు అస్వస్థుడిలా కనిపించినా, దగ్గరున్న ఉద్యోగి ఆలస్యం లేకుండా జైలరుకు తెలపాలి. జైలరు ఆ సంగతిని వైద్య సిబ్బంది దృష్టికి తేవాలి. అంటే ఖైదీ బాధ వైద్యుడిని చేరేలోగా కనీసం రెండు నోళ్లు దాటాలి.

తమిళం, తెలుగు సోదరభాషలు కావడం ఇక్కడ మేలు కంటే కీడే ఎక్కువ చేయవచ్చు. పూర్తిగా తెలియని భాష అయితే వినేవాడు దుబాసీ కోసం వెతుకుతాడు. సగం తెలిసినట్టుండే భాష అయితే అర్థమైందనుకుంటాడు. తమిళంలో 'సళి' అంటే కఫం, జలుబు. తెలుగు చెవికి అది 'చలి'గా వినిపించే వీలుంది. రెండు వారాలకు మించి దగ్గు, కఫం ఉన్నవారికి క్షయ పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమ నియమం. పదం పొరబడితే ఆ ఖైదీకి పరీక్ష బదులు దుప్పటి దొరుకుతుంది. కిక్కిరిసిన బ్యారక్‌లో ఆ పొరపాటు ఫలితం ఒక్కడితో ఆగదు. తమిళ 'మయక్కం' కళ్లు తిరగడాన్ని, స్పృహ తప్పడాన్ని సూచిస్తుంది. తెలుగులో 'మైకం' అనగానే మత్తు గుర్తుకు వస్తుంది. ఒక మాట రోగలక్షణం, మరొకటి క్రమశిక్షణ సమస్య.

సరిహద్దు మండలాలవారికి తమిళం కొత్త కాదన్న అభ్యంతరం సమంజసమే. అయితే బదిలీపై కోస్తా నుంచి వచ్చిన వైద్యుడికి ఆ అలవాటు ఉండాలని లేదు. ఏ వార్డరుకు తమిళం వచ్చునో కాగితం మీద లేనప్పుడు ఆ జ్ఞానం అతని డ్యూటీ వేళలకే పరిమితం.

3. దుబాసీ ఎవరు?

సాధారణంగా ఇటువంటి లోటును తోటి ఖైదీ పూరిస్తాడు. ఇక్కడే ఆరోగ్య సమస్య భద్రతా సమస్యగా మారుతుంది. రెండు భాషలూ తెలిసినవాడు చాలావరకు కూలీలను అడవికి తెచ్చిన మేస్త్రీయే కావచ్చు. ఒంటిమీది దెబ్బలు ఎలా తగిలాయో, బ్యారక్‌లో ఎవరు బెదిరిస్తున్నారో అతని నోటి గుండా చెప్పమనడం భద్రత అనిపించుకోదు. ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు (2015) వైద్య సమాచారం గోప్యంగా ఉండాలంటాయి (నియమం 32). జైలు అధిపతికీ సిబ్బందిలో అధికసంఖ్యాకులకూ ఖైదీల్లో ఎక్కువమంది మాట్లాడే భాష గాని, వారిలో ఎక్కువమందికి అర్థమయ్యే భాష గాని వచ్చి ఉండాలనీ, అవసరమైనప్పుడు దుబాసీని వినియోగించాలనీ 80వ నియమం. భాషను ఖైదీ లోపంగా కాక అధిపతి అర్హతగా చూడటం ఈ నియమంలోని విశేషం.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) 103వ సెక్షన్ ప్రకారం, జైలులో మానసిక అస్వస్థత గల ఖైదీలు లేరని ధ్రువీకరిస్తూ వైద్యాధికారి మూడు నెలలకోసారి సంబంధిత బోర్డుకు నివేదిక పంపాలి. దగ్గును చూసి గుర్తించవచ్చు, దిగులును మాటతోనే గుర్తించాలి. మాట కలవని చోట ఆ ధ్రువీకరణకు విలువెంత?

4. సూపరింటెండెంటు చేతిలో ఉన్నవి

భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గరిష్ఠ శిక్షలో సగం కాలం, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివాడైతే మూడో వంతు, గడిపిన విచారణ ఖైదీ విడుదలకు సూపరింటెండెంటే వెంటనే న్యాయస్థానానికి రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలి. మరణశిక్షకు, యావజ్జీవ శిక్షకు వీలున్న నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు ఉన్నవారికీ ఈ వెసులుబాటు లేదు. ఒకే కూలీపై పలు కేసులుంటే ఆ తలుపు మూసుకుపోతుంది. ఆ లెక్క ఖైదీకి అతని భాషలో చెప్పేవారు లేకపోతే, తలుపు తెరిచే ఉన్నా అతనికి తెలియదు.

అసహకారోద్యమ కాలంలో ఉన్నవ లక్ష్మీనారాయణ వేలూరు జైలులో 'మాలపల్లి' రాశారు. తమిళసీమ జైలులోని తెలుగు రాజకీయ ఖైదీకి కలం తోడుగా ఉంది. తెలుగుసీమ జైలులోని తమిళ కూలీకి ప్రవేశ రిజిస్టరులో గుమాస్తా రాసిన వరుసే మిగులుతుంది. కాబట్టి ఆ వరుసలో ఏముంటుందన్నది చిన్న విషయం కాదు. సుకన్య శాంత కేసులో 2024 అక్టోబరు 3న సర్వోన్నత న్యాయస్థానం జైలు రిజిస్టర్ల నుంచి కులం గడిని తొలగించాలని ఆదేశించింది. కొత్త నమూనా ముద్రించేటప్పుడు ఖైదీ మాట్లాడే భాషకూ, వైద్యపరీక్ష వేళ దుబాసీగా ఉన్న ఉద్యోగి పేరుకూ రెండు గడులు చేర్చడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.